రిఫరెన్సుల డైరీ: రావులందరినీ విడదీసిన రెండు వారాలు

మొదటి రోజు, సోమవారం

నిన్న రాత్రి పదకొండింటికి జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. వ్యాసం రివ్యూయర్ల దాకా వెళ్లనే లేదు, టెక్నికల్ చెక్ దగ్గరే ఆగి వెనక్కి వచ్చేసింది. కారణం మూడు లైన్లలో రాశారు: రిఫరెన్సులు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఏడో ఎడిషన్ పద్ధతిలో లేవు, తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తలా ఒక రకంగా ఉన్నాయి, పక్కన ఇంగ్లీషు అర్థం లేదు. సరిచేసి పదిహేను రోజుల్లో పంపమన్నారు. చదివాక నిద్ర పట్టలేదు. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయాల మీద మూడేళ్లు తిరిగి రాసిన వ్యాసం ఇది, అందులో ఏం చెప్పానో ఇంకా ఒక్కరూ చూడలేదు.

పొద్దున్నే ప్రింటు పట్టుకుని మా గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చివరి ఆరు పేజీలూ తిప్పి, పెన్సిల్‌తో అక్కడక్కడా చుక్కలు పెట్టి, "చూడమ్మా, నీకు పరిచయం లేని మనిషి ఎవరైనా ఈ లిస్టు ఒక్కటే పట్టుకుని బయల్దేరితే, ఆ పుస్తకం ఉన్న బీరువా దాకా చేరాలి. చేరతారా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆవిడ చుక్క పెట్టిన వాటిలో మూడింటి దగ్గరికి నేనే మళ్లీ వెళ్లలేను, ఏ ముద్రణ చూశానో, ఏ లైబ్రరీలో చూశానో ఎక్కడా రాసుకోలేదు.

మొత్తం 87 ఎంట్రీలు. మూడేళ్లలో వర్డ్ ఫైలులో చేత్తో కొట్టినవి కొన్ని, గూగుల్ స్కాలర్‌లో సైట్ (Cite) బటన్ నొక్కి అతికించినవి కొన్ని, వేరేవాళ్ల పుస్తకాల వెనక నుంచి దించుకున్నవి కొన్ని. ఒకచోట సంవత్సరం పేరు పక్కన, ఇంకోచోట చివర. ఒకచోట ఊరు, ప్రచురణకర్త రెండూ, ఇంకోచోట ఏదీ లేదు. కామాలు సర్దితే పోయే పని అనుకున్నాను గానీ కాదు. అందుకే ఈ డైరీ, ఏ రోజు ఏం చేశానో రాసి పెట్టుకుంటే తర్వాత థీసిస్‌కు కూడా పనికొస్తుంది.

రెండో రోజు

వర్డ్ ఫైలును పక్కన పెట్టి అన్నీ జొటెరోలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని చరిత్ర, న్యూ మీడియా కేంద్రం వాళ్లు తయారుచేసిన, రిఫరెన్సులు దాచుకుని అమర్చుకునే సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం, వర్డ్‌లో కూడా కూర్చుంటుంది. చరిత్ర పరిశోధన చేసేవాళ్ల అవసరం లోంచి పుట్టిందని తెలిశాక దాని మీద నాకు గౌరవం పెరిగింది. డీఓఐ (ఆన్‌లైన్ వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) గానీ ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) గానీ ఇస్తే మిగతా వివరాలు అదే తెచ్చుకుంటుంది. కానీ నా 87లో ఐఎస్‌బీఎన్ ఉన్నవే తక్కువ, 1920ల తెలుగు పుస్తకానికి అది ఎక్కడి నుంచి వస్తుంది? సగానికి పైగా చేత్తోనే ఎక్కించాలి.

ఇవాళ్టికి 31 అయ్యాయి. వేళ్లు నొప్పి పుట్టాయి.

మూడు, నాలుగు రోజులు

మిగతావి ఎక్కించాను, డీఓఐలు వెతికాను. జర్నల్ వ్యాసాలు మొత్తం 29 ఉంటే 21కి దొరికాయి. ఒక్కొక్కటీ వెతకక్కర్లేదు, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ వాళ్ల సింపుల్ టెక్స్ట్ క్వెరీ పేజీలో రిఫరెన్సులన్నీ ఒకేసారి అతికిస్తే దొరికిన వాటి పక్కన డీఓఐ వేసి ఇస్తుంది. నాకు ఇది ముందే తెలిసి ఉంటే ఒక పూట మిగిలేది, అందుకే రాస్తున్నాను.

డీఓఐలో రెండు తప్పులు నా చేతి నుంచే జరిగాయి. ఒకటి, పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు లైను విరిగిన చోట వచ్చిన అడ్డగీత కూడా డీఓఐలో కలిసిపోయింది, నొక్కితే పేజీ లేదని వచ్చింది. రెండోది, చివర ఫుల్‌స్టాప్ పెట్టాను. ఏపీఏ ఏడో ఎడిషన్‌లో డీఓఐ తర్వాత ఫుల్‌స్టాప్ ఉండదు, పెడితే అది లింకులో భాగమై లింకు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకని 21 లింకులూ ఒక్కొక్కటే నొక్కి, తెరుచుకున్న పేజీలో వ్యాసం పేరు, నా లిస్టులో పేరు ఒకటేనా అని చూసుకున్నాను. ఒకటి తెరుచుకుంది గానీ వేరే వ్యాసం వచ్చింది, ఒక అంకె తారుమారైంది. లింకు తెరుచుకుంటే చాలు అనుకుని ఉంటే అది అలాగే వెళ్లిపోయేది.

ఐదో రోజు, శుక్రవారం రాత్రి

ఇవాళ పేర్ల పని. రెండు వారాల్లో ఇంత సేపు కూర్చున్న పని ఇంకోటి ఉండదనుకుంటా.

ఎక్కించిన 87నూ రచయిత పేరు ప్రకారం వరసలో పెట్టి చూశాను. ఆర్ అక్షరం దగ్గరికి వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. రావు, రావు, రావు, రెడ్డి, రెడ్డి, రావు. ఇంగ్లీషు పద్ధతిలో పేరులో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు కదా, క్యాటలాగుల నుంచి వచ్చిన ఎంట్రీలన్నీ అలాగే దిగాయి. నా వ్యాసంలో ముఖ్యమైన మనుషులు ఎవరు? 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని పెట్టినవాళ్లు కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు. ఆ తర్వాత మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు. ఇంగ్లీషు లెక్కలో ఐదుగురూ రావులే. అందులో ఇద్దరు రంగారావులు. బ్రాకెట్లో రావు అని మాత్రమే రాస్తే, హైదరాబాద్ చరిత్ర తెలియని రివ్యూయరు ఐదుగురినీ ఒకే కుటుంబం అనుకున్నా తప్పు పట్టలేం.

రావు, రెడ్డి అన్నవి ఇంటిపేర్లు కావు. అవి పేరు చివర ఉండే మాటలు. ఇంటిపేరు ముందుంటుంది, దానితోనే మనం మనుషుల్ని పిలుస్తాం. సాహిత్యం మాట్లాడుకునేటప్పుడు కందుకూరి అన్నాడు, గిడుగు అన్నాడు అంటామే గానీ ఎవరూ రామ్మూర్తి అన్నాడు అనరు. ఏపీఏ అడిగేది కూడా కుటుంబ నామమే. అంటే మన అలవాటు, వాళ్ల నియమం నిజానికి ఒకటే చెబుతున్నాయి, మధ్యలో కంప్యూటరు చివరి మాటను పట్టుకోవడం వల్లనే చిక్కు వచ్చింది. ఇది అర్థమయ్యాక చాలా హాయిగా అనిపించింది, ఇన్నాళ్లూ నేను వాళ్ల పద్ధతికి ఒదగని పేర్లతో కుస్తీ పడుతున్నానని అనుకున్నాను.

కాబట్టి నిర్ణయం: జొటెరోలో ఇంటిపేరు గడిలో మాడపాటి, పేరు గడిలో హనుమంతరావు. అలాగే కొమర్రాజు, బూర్గుల, సురవరం.

సురవరం ప్రతాపరెడ్డి అయితే నా లిస్టులో ముగ్గురు మనుషులుగా ఉన్నారు. ఒక ఎంట్రీలో రెడ్డి ఇంటిపేరు, ఒకదానిలో ప్రతాపరెడ్డి ఇంటిపేరుగా మారి ఎస్ మిగిలింది, ఒకదానిలో సురవరం. ముగ్గురూ అక్షరక్రమంలో మూడు చోట్ల ఉన్నారు. గోలకొండ కవుల సంచిక ఒక చోట, ఆయన వ్యాసాలు ఇంకో చోట. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో సంచిక వేసి జవాబు చెప్పిన మనిషి ఆయన. అలాంటి మనిషి నా లిస్టులో మూడు ముక్కలై ఉండటం నాకు చాలా కష్టంగా అనిపించింది, ముందు ఆ మూడు ఎంట్రీలే సరిచేశాను.

ఇంకో సంగతి. వ్యాసంలో ఒక రచయిత దగ్గర మాత్రం బ్రాకెట్లో ఇంటిపేరుకు ముందు ఇనీషియల్స్ వస్తున్నాయి, మిగతా ఎవరికీ రావట్లేదు. గంటన్నర వెతికాను. ఒకే మనిషి ఒక ఎంట్రీలో పీ.వీ. అని, ఇంకో దానిలో పీ. వెంకట అని ఉన్నాడు. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వేరువేరు మనుషులుంటే గుర్తుపట్టడానికి ఇనీషియల్స్ పెట్టమని ఏపీఏ నియమం, సాఫ్ట్‌వేర్ దాన్ని నిజాయితీగా పాటించింది. రెండు ఎంట్రీల్లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే చేశాక ఇనీషియల్స్ పోయాయి. మీ వ్యాసంలో ఎక్కడైనా ఉత్తిపుణ్యానికి ఇనీషియల్స్ కనిపిస్తే వర్డ్‌లో చెరపకండి, రిఫ్రెష్ చేయగానే మళ్లీ వస్తాయి. జొటెరో లైబ్రరీలో పేరు చూడండి.

ఆరో రోజు

నిన్నటి నియమం ఇవాళ ఒకచోట ఆగిపోయింది. తెలుగు సాహిత్య పండితుడు వెల్చేరు నారాయణరావు. నా లెక్కన వెల్చేరు ఇంటిపేరు కాబట్టి వీ కింద రావాలి. కానీ ఇంగ్లీషులో ఆయన రచనల్ని ప్రపంచమంతా నారాయణరావు అనో, రావు అనో పెడుతోంది, ఎన్ కింద కొందరు, ఆర్ కింద కొందరు. నేను కొత్తగా వీ కింద పెడితే వెతికేవాళ్లకు మూడో చోటు తయారవుతుంది. మేడమ్ చెప్పిన బీరువా మాట గుర్తొచ్చింది. ఇంగ్లీషులో రాసినవాళ్లకు, ఇంగ్లీషులో వాళ్ల పేరు స్థిరపడి ఉంటే దాన్నే పాటించాలి, తెలుగులో మాత్రమే రాసినవాళ్లకు ఇంటిపేరు నియమం. నారాయణరావును ఒక ఇంటిపేరుగా ఎన్ కింద పెట్టాను. నూటికి నూరుపాళ్లు సంతృప్తి లేదు గానీ, ఎందుకు అలా చేశానో ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో ఒక వాక్యం పెడతాను.

ప్రభుత్వ నివేదికలకు రచయిత ఒక సంస్థ. దాన్ని రెండు గడుల్లో పెడితే ప్రభుత్వం అన్న మాట ఇంటిపేరై, నిజాం అన్నది ఇనీషియల్ అయిపోతుంది. పేరు పక్కన చిన్న బటన్ ఉంటుంది, ఒకే గడికి మార్చుకోవాలి. ఐదు నిమిషాల పని.

ఏడో రోజు, ఆదివారం

చెల్లి వాళ్లింట్లో ఫంక్షన్. ఏమీ చేయలేదు.

ఎనిమిదో రోజు

సంవత్సరాల పని. నిజాం ప్రభుత్వ పరిపాలనా నివేదికలు ఫసలీ (అప్పటి రెవెన్యూ క్యాలెండరు) సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, కానీ ఏడాది అక్టోబరు మొదట్లో మొదలవుతుంది కాబట్టి ఒక ఫసలీ రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది: 1331 ఫసలీ అంటే 1921 అక్టోబరు నుంచి 1922 అక్టోబరు దాకా. నేను తేదీ గడిలో 1331 ఫసలీ అని కొట్టి ఉన్నాను. సాఫ్ట్‌వేర్‌కు ఫసలీ తెలియదు, 1331ని సంవత్సరంగా తీసుకుంది. వ్యాసంలో బ్రాకెట్లో 1331 అని వచ్చింది. కాకతీయ రాజ్యం పోయింది 1323లో, బయటి పాఠకుడు చూస్తే ఆ కాలపు పత్రం అనుకుంటాడు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఇదివరకు తీసుకున్న నోట్సు మళ్లీ తీశాను. నివేదిక పేరులో ఫసలీ ఉంటే అది పేరులో భాగం, దాన్ని ముట్టుకోను. తేదీ గడిలో మాత్రం 1922 అని పెట్టాను, ఏడాది ముగిసిన సంవత్సరం. ఆరు నివేదికలకూ ఇదే లెక్క, ఒకదానికి ఇలా ఒకదానికి అలా చేయలేదు.

తొమ్మిదో రోజు, మంగళవారం

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

తార్నాకలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, సుల్తాన్ బజార్‌లో దిగి భాషా నిలయానికి నడిచాను. నా వ్యాసం ఏ గ్రంథాలయం గురించి మొదలవుతుందో అక్కడే కూర్చుని దాని రిఫరెన్సులు సరిచూసుకోవడం, చెప్పాలంటే ఒళ్లు జలదరించింది. కౌంటరు దగ్గర ఉన్న పెద్దాయన నన్ను గుర్తుపట్టి "మళ్లా వచ్చినవా బిడ్డా, పుస్తకం రాసుడు అయిపోలేదా?" అన్నారు. అయిపోయింది గానీ పేజీ నంబర్లు చూసుకోవాలి సార్ అన్నాను. ఏమేం కావాలో చీటీ మీద రాసిమ్మని, అన్నీ తెచ్చి బల్ల మీద పెట్టించారు.

అందులో ఒక జిల్లా గ్రంథాలయం వాళ్లు వేసిన పన్నెండు పేజీల చిన్న పుస్తకం ఉంది. అట్ట లేదు, దారం కుట్టు ఊడింది, మొదటి పేజీ అంచులు వేలు తగిలితే రాలేలా ఉన్నాయి. దాని మీద అంకెల్లో సంవత్సరం ఎక్కడా లేదు. కింద చిన్న అక్షరాల్లో ప్రమోదూత, మాఘము అని మాత్రం ఉంది. మూడేళ్ల కింద నేను నోట్సులో ప్రమోదూత అంటే 1930 అని రాసుకుని అదే సంవత్సరం వేశాను. ప్రమోదూత 1930లో వచ్చిన మాట నిజమే, అరవై ఏళ్ల చక్రంలో దాని తర్వాతది 1990. కానీ ఏడాది ఉగాదికి మొదలవుతుంది. మాఘం పదకొండో నెల. 1930 ఉగాదికి మొదలైన ప్రమోదూతలో మాఘం వచ్చేది 1931 జనవరి, ఫిబ్రవరిల్లో. అంటే పుస్తకం 1931ది.

ఒక అంకె మారితే ఏమవుతుంది అనుకోవచ్చు. నా వ్యాసంలో ఒక పేరా మొత్తం దాని మీద నిలబడి ఉంది. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సభ జరుగుతున్న రోజుల్లోనే, దానితో సంబంధం లేకుండా ఈ చిన్న ఊరివాళ్లు కూడా తమ గ్రంథాలయం గురించి ఇలా రాసుకున్నారు అని నేను రాశాను. ఇప్పుడు చూస్తే పుస్తకం సభ తర్వాత దాదాపు ఏడాదికి వచ్చింది. సంబంధం లేకుండా అనే మాట చెల్లదు, సభ మాటలు విన్నాకే రాసి ఉండవచ్చు. అక్కడే కూర్చుని ఆ పేరా తిరగరాశాను. రిఫరెన్సు సరిచేద్దామని వెళితే వాదన మారింది. ఈ పనిని ఇన్నాళ్లూ చివర్లో చేసే అలంకారం అనుకున్నందుకు నిజంగా బాధపడ్డాను.

ఇంకొకటి కూడా అక్కడే తేలింది. ఒక వ్యాసాల సంపుటికి మొదటి ముద్రణ సంవత్సరం వేసి, పేజీ నంబర్లు మాత్రం నా దగ్గరున్న కొత్త ముద్రణవి ఇచ్చాను. ఆ రెండూ కలవవు. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే పాతదాంట్లో 64వ పేజీలో ఉన్నది కొత్తదాంట్లో 91లో ఉంది. చదివిన ముద్రణనే చెప్పాలి. జొటెరోలో ఎక్స్‌ట్రా గడిలో మొదటి ముద్రణ తేదీ విడిగా ఇస్తే, ఏపీఏలో పాత సంవత్సరం, గీత, కొత్త సంవత్సరం అలా రెండూ వస్తాయి.

సాయంత్రం ఆరింటికి బయటికొచ్చాను. పొద్దున తిన్నదే, ఆకలి కూడా గుర్తులేదు.

పదో రోజు

రోమన్ లిపి. దీనికి ఐఎస్ఓ 15919 అనే పద్ధతి తీసుకున్నాను, 2001లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల పద్ధతి కూడా చాలావరకు ఇలాగే ఉంటుంది, అనుస్వారం సున్నాకు ఒకరు ఎం పైన చుక్క పెడితే ఇంకొకరు కింద పెడతారు, అలాంటి తేడాలు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా దాన్నే పాటించాలి.

మన అలవాటు అడ్డొచ్చే చోట్లు రెండు. చ రాయాలంటే సి, హెచ్ కలిపి రాస్తాం. ఈ పద్ధతిలో ఒక్క సి అంటేనే చ, సి హెచ్ కలిస్తే ఛ. అలాగే సునీత, లత అనే పేర్లలో త కోసం టి హెచ్ రాసి అలవాటు, ఇక్కడ టి హెచ్ అంటే థ. త అంటే ఒక్క టి, ట అంటే కింద చుక్క ఉన్న టి. తెలుగు పుస్తకాలు ప్రచురించిన విజ్ఞాన చంద్రికా మండలి పేరు నేను నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాశాను.

గ్రంథాలయం అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సరైన అక్షరం థ. కానీ పాత పుస్తకాల్లో కొన్నిటి మీద గ్రంధాలయం అని ధ తోనే అచ్చయింది. పుస్తకం మీద ధ ఉంటే నేను కూడా ధ అక్షరాన్నే రాస్తాను, దిద్దే హక్కు నాకు లేదు. ఫోనులో తీసుకున్న ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని ఒక్కొక్క పేరూ చూశాను. పదిహేడు పేర్లలో ఐదింటికి ధ ఉంది.

రోమన్ పేరు తర్వాత చదరపు బ్రాకెట్లలో ఇంగ్లీషు అర్థం. అర్థం మాత్రం వంకరగా వాలిన అక్షరాల్లో ఉండకూడదు, పేరు ఉండాలి. ఇది సాఫ్ట్‌వేర్ చేయదు, చివర్లో చేత్తో మార్చాలి.

ఏపీఏలో నాకు నచ్చని మాట ఒకటుంది. ఏడో ఎడిషన్ నుంచి ప్రచురించిన ఊరి పేరు తీసేశారు. ఇప్పటి పుస్తకాలకు సరే, ఊరితో పనేముంది. నా పుస్తకాలకు ఊరే కథ. విజ్ఞాన చంద్రికా మండలి 1906లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత మద్రాసు వెళ్లింది, పుస్తకం ఎక్కడ అచ్చయిందో చెప్పకపోతే ఆ ప్రయాణం కనబడదు. జర్నల్ నియమం మార్చలేను, అందుకే అవసరమైన చోట ఊరి పేరు వ్యాసం లోపలే వాక్యంలో చెప్పాను.

పదకొండో రోజు

నా అవస్థ చూసి జూనియర్ తమ్ముడు, "అక్కా, అంతా ఏఐకి ఇచ్చేయరాదు, రెండు నిమిషాల్లో సర్ది ఇస్తది" అన్నాడు. ప్రేమతో చెప్పాడు, కాదనలేక పది ఎంట్రీలు ఇచ్చి చూశాం. కామాలు, బ్రాకెట్లు చక్కగా వచ్చాయి. కానీ సంచిక నంబరు నాకు దొరక్క ఖాళీగా వదిలిన ఒక పాత వ్యాసానికి నంబరు వచ్చి కూర్చుంది. ఇంకో దానికి డీఓఐ కూడా వచ్చింది, 10తో మొదలై అన్ని విధాలా నిజమైనదానిలా ఉంది, నొక్కితే అలాంటిది లేదు. తమ్ముడు కూడా ఉలిక్కిపడ్డాడు. ఖాళీ ఉన్నచోట ఖాళీ ఉండటమే నిజం. ఆ ఫైలు అప్పుడే తీసేశాం.

పెద్దక్షరాలు, చిన్నక్షరాల పని కూడా ఇవాళే అయింది. వ్యాసాల పేర్లలో మొదటి మాటకు, ఉపశీర్షికలో మొదటి మాటకు, విశేష నామాలకు మాత్రమే పెద్దక్షరం. జొటెరోలో పేరు మీద రైట్ క్లిక్ చేసి అందులోని మాటలన్నీ ఒకేసారి మార్చొచ్చు, కానీ అప్పుడు హైదరాబాద్, నిజాం కూడా చిన్నక్షరంతో మొదలవుతాయి. మన లిపిలో ఈ తేడా లేదు కాబట్టి కన్ను పట్టుకోదు, ఒకటికి రెండుసార్లు చూడాలి.

పన్నెండో రోజు

వ్యాసం మొత్తం ప్రింటు తీశాను. మేడమ్ చెప్పిన పద్ధతి: వ్యాసంలో బ్రాకెట్ కనబడినప్పుడల్లా వెనక లిస్టులో ఆ ఎంట్రీ పక్కన పెన్సిల్‌తో టిక్కు. చివరికి టిక్కు లేనివి మిగిలితే అవి వ్యాసంలో వాడనివి. నేలమీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే మూడు గంటలు పట్టింది. మూడు ఎంట్రీలు రెండేసి సార్లు ఉన్నాయి, తీసేశాను. రెండు ఎక్కడా వాడలేదు, ఎప్పుడో తీసేసిన పేరాలవి, అవీ పోయాయి. ఒకటి వ్యాసంలో ఉంది, లిస్టులో లేదు, చేర్చాను. మొత్తం 83.

పదమూడో రోజు, శనివారం

మేడమ్ మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు కావాలనిపించింది. 83లోంచి ఐదు ఏరి, చీటీ మీద రిఫరెన్సులు మాత్రమే రాసి జూనియర్ తమ్ముడికి ఇచ్చాను. ఇవి ఎక్కడున్నాయో నేను చెప్పను, నువ్వే వెతికి ఆ పేజీ ఫొటో తీసి పంపు అన్నాను. పాపం ఎండలో తిరిగాడు. ఒంటిగంట లోపు రెండు పంపాడు. ఒకటి క్యాంపస్ లైబ్రరీలో, ఒకటి ఆన్‌లైన్లో. మూడింటికి ఇంకో రెండు వచ్చాయి. ఐదోది గోలకొండ పత్రికలో వార్త. "అక్కా, నువ్వు సంవత్సరం, నెల ఇచ్చినవ్, తేదీ ఇయ్యలే. నెలంతా తిరగెయ్యాల్నా?" అని ఫోన్ చేశాడు.

నిజమే. తేదీ నా నోట్సులో లేదు. ఫొటోలు వెతికితే ఆ కాగితం పై మూల చిరిగిపోయింది, తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. కింద పక్క వార్తలో మాత్రం రాబోయే సభ తేదీ ఉంది, దాన్నిబట్టి తమ్ముడు ముందు సంచికలు రెండు, వెనక సంచికలు రెండు చూసి మధ్యలోది ఇదేనని తేల్చాడు. సాయంత్రం అయిదున్నరకు పూర్తి పేజీ ఫొటో వచ్చింది, చిరగని కాపీ, తేదీతో సహా. రాత్రి వాడికి ఇంట్లో భోజనం పెట్టాను.

పద్నాలుగో రోజు, ఆదివారం

మిగిలినవి: అసలు ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీలో జొటెరో లింకులు తెంపేశాను, ఎందుకంటే ఒకసారి తెంపితే మళ్లీ అతుక్కోవు, అసలుది అలాగే ఉండాలి. కాపీలో చదరపు బ్రాకెట్ల అర్థాలను మామూలు అక్షరాల్లోకి మార్చాను. ప్రతి ఎంట్రీలో రెండో లైను అర అంగుళం లోపలికి. రివ్యూయర్లకు పేరు తెలియకూడదు కాబట్టి నా పాత వ్యాసం ప్రస్తావన ఉన్న రెండు చోట్ల నా పేరు తీసి రచయిత అని పెట్టాను. ఎడిటర్‌కు ఉత్తరంలో ఇంటిపేర్ల గురించి నాలుగు వాక్యాలు, ఫసలీ గురించి రెండు, తారీఖు మారినందువల్ల తిరగరాసిన పేరా గురించి మూడు.

పీడీఎఫ్ చేసి అందులో కూడా చుక్కల అక్షరాలన్నీ చూసుకున్నాను. మాడపాటి ఎం కింద, సురవరం ఎస్ కింద మూడు ఎంట్రీలూ ఒకచోట, కొమర్రాజు కే కింద. రాత్రి 9:40కి అప్‌లోడ్ అయింది. మేడమ్‌కు మెసేజ్ పెట్టాను, తమ్ముడికి కూడా. రేపు సుల్తాన్ బజార్ వెళ్లి, ఆ పన్నెండు పేజీల పుస్తకం 1931దని పెద్దాయనకు చెప్పాలి, వాళ్ల రిజిస్టరులో కూడా 1930 అనే ఉంది.